గాలి తిరగకముందు

నా చిన్నప్పుడు మా తాతయ్యకు తేదీలు గుర్తుండేవి కావు, వానలు గుర్తుండేవి. మా నాన్న ఏ రోజున పుట్టాడని అడిగితే నీళ్ళు నమిలేవాడు గానీ, ఆ వారం హాంకాంగ్‌లో ఎంత వాన పడిందో, ఏ ఓడ లంగరు తెంచుకుందో టకటకా చెప్పేవాడు. విశాఖలో ఫిట్టరు పని నేర్చుకుని, కుర్రతనంలోనే హాంకాంగ్ ఓడరేవులో మరమ్మతుల పనికి వెళ్ళాడాయన. అప్పట్లో అది ఇంగ్లిషు వాళ్ళ ఏలుబడి. రాణిగారి పుట్టినరోజున రేవులో ఓడ మీంచి ఫిరంగులు పేల్చేవారట. ఆ రోజు ఎప్పుడూ పొగమంచేనట, చప్పుడు వినబడేది గానీ ఓడ కనబడేది కాదట. యుద్ధంలో జపాను వాళ్ళ చేతుల్లోంచి ఊరు బయటపడినందుకు ఆగస్టు చివర ఇంకో సెలవు ఇచ్చేవారు. అది సరిగ్గా తుఫానుల కాలం. ఎదురుచూసి ఎదురుచూసి వచ్చిన సెలవు కాస్తా తలుపులు బిడాయించుకుని కూర్చోవడానికే సరిపోయేదని, అదేదో నిన్నగాక మొన్న జరిగినట్టు తాతయ్య విసుక్కునేవాడు.

ఈ కబుర్లన్నీ నేను విన్నది జర్మనీలో, ష్వైన్‌ఫర్ట్‌లో, కరోనా వచ్చిన ఏడాది. మా నాన్న అక్కడ ఇంజనీరు. నానమ్మ పోయాక తాతయ్యను కొన్నాళ్ళు మాతో ఉండమని తెచ్చుకున్నాడు. అంతలో విమానాలు ఆగిపోయాయి. మళ్ళీ మొదలయ్యాక కూడా, ఈ వయసులో ఆయన్ని ప్రయాణం చేయించడానికి నాన్నకు ధైర్యం చాలలేదు. నాన్న భయమంతా తాతయ్య గురించే. బజారు నుంచి తెచ్చిన ప్రతి పాకెట్టూ కడిగేవాడు, మా చేతులు తోలు ఊడేలా కడిగించేవాడు. అంత జాగ్రత్త పడిన మనిషికే ఆ చలికాలంలో జబ్బు పట్టుకుంది. తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

అంబులెన్సు వచ్చినప్పుడు నాన్న మెట్లు తనే దిగాడు. మర్నాటికి అమ్మకూ జ్వరం. టెస్టులో ఉందని తేలడంతో ఆవిడ పడకగదిలో తలుపు వేసుకుంది. హాల్లో నేనూ తాతయ్యా మిగిలాం. బయటికి వెళ్ళకూడదు. ఎదురింటి జర్మన్ ఆవిడ పాలూ కూరగాయలూ గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టి, మేము తలుపు తీసేలోగా తన ఇంట్లోకి వెళ్ళిపోయేది. ఇండియా నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "నాన్నకేం కాదు తల్లీ" అనేవాళ్ళు. లోపల నుంచి అమ్మ ఏడుపు వినబడుతూనే ఉండేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఏమీ కాకపోతే అమ్మ ఎందుకు ఏడుస్తోందో ఒక్కరూ చెప్పరు. నాకు అన్నం దిగేది కాదు.

తాతయ్య ఒక్కడే నాన్నకేం కాదని చెప్పలేదు. పాత పార్సిల్ అట్టపెట్టె ఒకటి ముందేసుకుని కత్తెరతో కోయడం మొదలుపెట్టాడు. ఆయన పనిచేసిన రేవులో తుఫాను వస్తోందంటే ఎత్తయిన స్తంభానికి గుర్తులు వేలాడదీసేవారట. దూరంగా ఉంటే ఒక చిన్న గుర్తు, దగ్గరపడితే ముక్కోణం, నెత్తిమీదికి వచ్చేస్తే కూడిక గుర్తు. చదువు రాని పడవ వాళ్ళకు కూడా తలెత్తి చూస్తే సంగతి తెలిసిపోయేదట. అలాంటివే కోసి, మా హాల్లో కర్టెన్ కడ్డీకి దారంతో కట్టాడు. రోజూ మధ్యాహ్నం ఆసుపత్రి వాళ్ళు అమ్మకు ఫోన్ చేసేవారు. అమ్మ తలుపు వెనక నుంచి చెప్పేది. తాతయ్య విని ఆ రోజుకు తగిన గుర్తు కట్టేవాడు.

ప్రతి గుర్తుకూ ఒక పని ఉండేది. చిన్న గుర్తయితే నేను బట్టలు మడతపెట్టాలి, బొమ్మలు వేసుకోవచ్చు. ముక్కోణమైతే ఆకలి లేకపోయినా తినాలి, తాతయ్య పక్కనే కూర్చోవాలి. ఇది భయపెట్టడానికి కాదమ్మా, ఏటి చెయ్యాలో తెలియడానికి అనేవాడు. ముక్కోణం చూసిన మొదటి రోజు నేను వెక్కి వెక్కి ఏడ్చాను, కానీ ఏడుస్తూనే అన్నం తిన్నాను. అబద్ధం చెప్పని మనిషి ఒకరు ఇంట్లో ఉన్నారన్న ధీమా ఎలాంటిదో అప్పుడే తెలిసింది.

కొన్నాళ్ళు ముక్కోణం దిగనే లేదు. తర్వాత ఒక మధ్యాహ్నం అమ్మ గొంతు మారింది. "మామయ్యగారూ, ఆక్సిజన్ తగ్గించారట! మెలకువగా ఉన్నారట, అన్నీ తెలుస్తున్నాయట!" అంటూ తలుపు వెనకే ఏడుస్తూ నవ్వింది. బయట ఎండ కాసి, ఎదురింటి కప్పు మీది మంచు చుక్కలు చుక్కలుగా కారుతోంది. విశాఖలో మా అత్తకు ఫోన్ చేస్తే ఆవిడ అప్పుడే కొబ్బరికాయలు మొక్కేసుకుంది. నేను కుర్చీ లాక్కొచ్చి కర్టెన్ కింద వేశాను, ముక్కోణం దింపమని. తాతయ్య కదల్లేదు.

నాకు కోపం ముదిరితే తెలుగు ఎగిరిపోయేది. జర్మన్‌లో ఏమేమి అరిచానో అరిచాను. నాన్న బాగుపడటం ఇష్టం లేదా అన్నది అందులో ఒకటి. భాష తెలియకపోయినా ఆయనకు అర్థమైనట్టే ఉంది. నన్ను ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి తన స్నేహితుడి సంగతి చెప్పాడు.

భీమిలి నుంచి వచ్చిన ఆ స్నేహితుడూ తాతయ్యా అక్కడ ఒకే గదిలో ఉండేవారట. ఒక పెద్ద తుఫానులో ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. ఆకాశం తేటపడింది. జనం వీధుల్లోకి వచ్చి నవ్వుకుంటున్నారు. రేవులో ముసలి పడవ వాళ్ళు మాత్రం ఎవరినీ పలకరించకుండా, ఒకవైపు బిగించిన తాళ్ళు విప్పి రెండోవైపు కట్టుకుంటున్నారట. వీళ్ళిద్దరూ వాళ్ళను చూసి నవ్వారు. స్నేహితుడు టీ తాగొస్తానని గట్టు మీదికి వెళ్ళాడు. గాలి ఎదురు దిక్కు నుంచి వచ్చి పడింది. అతను తిరిగి రాలేదు. ఆ తర్వాత ఏటా ఆ రోజున పడవల వాళ్ళు గట్టు మీద అగరొత్తులు వెలిగించేవారు, వాళ్ళ పక్కన మా తాతయ్యా ఒకటి వెలిగించేవాడు.

"గాలి ఆగడం వేరు, పోడం వేరమ్మా," అన్నాడు. "ఆగినప్పుడు తాళ్ళు మార్చుకోవాల. పోతే మంచిదే, నష్టమేటుంది?"

మనకు తాళ్ళు ఎక్కడున్నాయని అడిగాను. ఆయన లేచి పడకగది తలుపు తట్టాడు.

"అమ్మా, ఆడు తెలివిగా ఉన్నాడన్నావు కదా. ఇప్పుడే మాటాడదాం."

"రేపు వీడియో పెడతామన్నారు మామయ్యగారూ. రేపటికి ఇంకాస్త కోలుకుంటారు, మాట కూడా వస్తుందేమో."

"రేపూ మాటాడదాం. ఇయాల కూడా మాటాడదాం."

అమ్మ ఆసుపత్రికి ఫోన్ చేసి బతిమాలింది. ఎవరో నర్సు, కాదనలేక కాబోలు, ఫోను నాన్న చెవి దగ్గర పెట్టింది. అమ్మ మాస్కు వేసుకుని తలుపు తీసి, మంచం అవతలి కొసకు వెళ్ళి స్పీకరు పెట్టింది. మేమిద్దరం గుమ్మం దగ్గర నిలబడ్డాం. నాన్న మాట్లాడలేడు, ఆక్సిజన్ మాస్కులోంచి ఊపిరి ఒక్కటే వినబడింది. అమ్మ ఏదో మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయింది. తాతయ్య ముందుకు వంగి, "ఒరే, నేను బాగున్నాన్రా. నాకేటీ అంటుకోలేదు. నీ వల్ల నాకూ పిల్లకీ ఏటీ అవలేదు," అన్నాడు. ఊపిరి ఒక్క క్షణం ఆగి, పొడుగ్గా వదిలినట్టు వచ్చింది. తన వల్ల తండ్రికి అంటుకుందేమోనని ఆ మంచం మీద నాన్న ఎంత కుమిలిపోయాడో మాకు అప్పుడు తెలిసింది. నా వంతు వచ్చింది. పొద్దున తాతయ్య చేసిన ఉప్మా మాడిపోయిందని చెప్పాను. నాన్న నవ్వుతున్నాడని నర్సు జర్మన్‌లో చెప్పింది. ఆ మాట తాతయ్యకు తెలుగులో చెప్పింది నేనే.

మర్నాడు వీడియో లేదు. పొద్దుటికల్లా పరిస్థితి తిరగబడి గొంతులోకి గొట్టం వేశారు, మత్తులో ఉంచారు. ఆ తర్వాత మా మాట ఆయనకు చేరే దారి లేకపోయింది. వారం తిరక్కుండా నాన్న పోయాడు. ఆ కబురు వచ్చినప్పుడు తాతయ్య ఏ గుర్తూ కట్టలేదు. నన్ను ఒళ్ళోకి లాక్కుని, నేను తొమ్మిదేళ్ళదాన్నన్నది మరిచిపోయి, పసిపిల్లను ఊపినట్టు ఊపుతూ కూర్చున్నాడు.

ఏటా నాన్న పోయిన రోజున మా ఇంట్లో జరగాల్సినవన్నీ జరుగుతాయి, నేనూ దండం పెట్టుకుంటాను. అయినా నాకు పెద్ద రోజు అది కాదు. ఎండ కాసి మంచు కారిన ఆ మధ్యాహ్నమే. ఆ ఫోను చేయకపోయి ఉంటే మా తాతయ్య మిగతా బతుకు ఎలా గడిచేదో ఆలోచించడానికి కూడా నాకు ఇష్టముండదు.

ఇప్పుడు మా పిల్లల నుంచి గానీ మనవల నుంచి గానీ మంచి కబురు వచ్చిందంటే నేను కుదురుగా కూర్చోలేను. జ్వరం తగ్గిందని చెప్పి ఫోన్ పెట్టేసిన మనవరాలికి వెంటనే మళ్ళీ చేస్తాను. బాగానే ఉన్నానని ఇప్పుడే చెప్పాను కదా అమ్మమ్మా, మళ్ళీ ఎందుకు చేశావని అది విసుక్కుంటుంది. బాగున్నావనే చేశానంటాను.