చావింట నేను చదివిన పురాణం

అడగకుండానే ఊపిరి పోసి, అడగకుండానే తీసుకునే నారాయణునికి ముందుగా నమస్కారం. ఆయన దయకు ఏనాడూ లోటు లేదు.

సిద్దిపేటలో మా వాడకట్టులో ఎవరు పోయినా, పది రోజులు సాయంత్రం పూట పురాణం చదవడానికి నన్నే పిలుస్తారు. ముప్పై ఏళ్లుగా భజన మండలిలో ఉన్నవాణ్ణి. ఏ పాపానికి యమభటులు ఎట్లా శిక్షిస్తారో నేను చదువుతుంటే జనం కదలకుండా వింటారు. ఆ నిశ్శబ్దం నాకు ఇష్టంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే వెగటు పుడుతుంది.

నిరుడు మా వీధి మొదట్లో చికెన్ సెంటర్ నడిపే మనిషి గుండె ఆగి పోయాడు. అతనికి ఎనిమిదేళ్ల కూతురు. నాలుగో రోజు, ప్రాణులను చంపినవాళ్లకు పడే శిక్షల దగ్గరికి వచ్చాను. ఎవరింట్లో కూర్చుని చదువుతున్నానో తెలిసి కూడా ఒక్క వాక్యం వదల్లేదు. పైగా గొంతు పెంచాను. పాపులను వేసే నూనె సలసల కాగే ఘట్టం దగ్గర ఆగి, అందరి ముఖాలూ చూశాను. నాయనమ్మ ఒడిలోంచి పిల్ల నావైపే చూస్తోంది. పిల్లను లోపలికి పంపమని ఎవరో అంటే ఆమె మేనమామ వద్దన్నాడు. వింటే భయభక్తులు వస్తాయట. ప్రతి ఆదివారం ఆ దుకాణం ముందు గిన్నెలు పట్టుకుని నిలబడినవాళ్లే అక్కడ తలలూపారు.

ఆ రోజు నుంచి పిల్ల అన్నం ముట్టలేదు. నీళ్లు, రెండు బిస్కెట్లు, అంతే. తండ్రి మీద బెంగ అనుకున్నారు. ఆరో రోజు నేను పుస్తకానికి బట్ట చుడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"తాతా, బాపొక్కడే కోయలే. ఆదివారం గిరాకి ఎక్కువుంటే నేను గూడ కోళ్ల కాళ్లు పట్టిన. మరి బాపునొక్కన్నే నూనెల ఏస్తరా?"

చిన్నపిల్లలకు పాపం అంటదని చెప్పాను. శాస్త్రం ప్రకారం సరైన మాటే. కానీ ఆమె అడిగింది తన గురించి కాదు. పక్కనున్న మేనమామ నవ్వి, పదకొండో రోజు దానాలిస్తే అన్నీ పోతాయిలే అన్నాడు. ఆ వెంటనే, అదే నోటితో, విందుకు ఎన్ని మేకలు తేవాలో మాట్లాడాడు. అతని మీద ఎంత అసహ్యమో, నా మీద అంతకన్నా ఎక్కువ.

మర్నాడు పుస్తకం విప్పలేదు. అందరూ కూర్చున్నాక పిల్లను దగ్గరికి పిలిచాను.

"మీ బాపు కోసిన కోడిని నేను తిన్న బిడ్డా. గీడ కూసున్నోళ్లందరు తిన్నరు. తప్పయితే అందరిది. దేవుడు మీ బాపును కాల్చడు. నిన్ను ఎట్ల సాకిండో ఆయన చూసిండు."

"గది పుస్తకంల ఉన్నదా?"

"లేదు. పుస్తకం చదివేటోడు చెప్తుండు."

ఇద్దరు లేచి వెళ్లిపోయారు. సగంలో ఆపితే అరిష్టమని మేనమామ గొణిగాడు. నాయనమ్మ పప్పన్నం కలిపి తెచ్చింది. పిల్ల నా ముఖమే చూస్తూ నాలుగు ముద్దలు తిన్నది. నమ్మి తిన్నదో, ఆకలికి తాళలేక తిన్నదో నాకు తెలియదు. ఇప్పటికీ నన్ను వీధిలో చూస్తే తలుపు చాటుకు పోతుంది.

ఇది చదువుతున్నవాళ్లు ఈ పూట దీపం పెట్టేటప్పుడు నాతో కలిసి ఒక్క మాట అడగండి: స్వామీ, ఆ పిల్ల మనసులో నేను పెట్టిన భయాన్ని నువ్వే తీసెయ్యి. నా వల్ల కావడం లేదు.