సంతలో కోరం

కాంతం గురించి చెప్పాలంటే ముందు నా గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి, తప్పదు. నరసన్నపేట వర్తక సంఘానికి ఢిల్లీ పద్ధతులు తెచ్చింది నేనే. ఇంకెవరైనా తామే తెచ్చామంటే నమ్మకండి. స్వతంత్రం వచ్చిన కొత్తలో తిలారు స్టేషనులో దిగే పత్రిక కోసం కాచుకుని కూర్చునేవాణ్ణి. ఢిల్లీలో ఒకే సభ రెండు పనులు చేసేది. కొన్నాళ్ళు రాజ్యాంగం రాసేది, కొన్నాళ్ళు మామూలు చట్టాలు చేసేది. చట్టం కావాలంటే ముందు ఒక సభ్యుడు బిల్లు పెట్టాలి. కొందరు సభ్యులతో సెలెక్టు కమిటీ వేస్తే, వాళ్ళు విడిగా కూర్చుని దాన్ని క్లాజు క్లాజుగా తిరగేస్తారు. అది తిరిగొచ్చాక సభలో చర్చ, సవరణలు, ఆఖరికి ఓటు. కుర్చీలో ఉన్నాయన మాత్రం ఎటూ మొగ్గకూడదు. ఇవన్నీ చదివి, మనం బెల్లం బస్తాల మీద కూర్చుని కేకలేసుకోవడం ఏం మర్యాదని దెబ్బలాడి, మా సంఘానికీ అవే రూల్సు రాశాను. కార్యదర్శిగా కూడా నన్నే వేశారు, ఇంకెవరికీ ఓపిక లేక.

మొదట్లో మేం చేసిన చట్టాలు చెబితే నవ్వుతారు. బళ్ళు ఎక్కడ విప్పాలి, ఏకాదశికి కొట్లు ఎప్పుడు కట్టాలి, ఇలాంటివి. అసలు సిసలు బిల్లు తెచ్చింది కాంతం.

ఆవిడ సాలూరు పిల్ల. పసుపు, చింతపండు అమ్మే వెంకటరావుకిచ్చి చేశారు. అతను ఉబ్బసం మనిషి. పేరుకి ముందు పీట మీద కూర్చునేది అతనే గానీ, వెనక గదిలోంచి బేరం నడిపేది ఆవిడ. నలభై ఎనిమిది శ్రావణంలో వెంకటరావు పోయాడు. ఉన్నది ఒక్క ఆడపిల్ల. మా సంఘం పాత కట్టుబాటు ప్రకారం మగవాడు పోయిన కొట్లో ఆ ఇంటి మగవాడే కూర్చోవాలి. అంటే కొట్టు మరిది చినబాబుదైపోతుంది. చినబాబు చెడ్డవాడని అనను. కాకపోతే కొట్టు చేతికి రాగానే అమ్మేసి లారీలో వాటా కొంటానని అప్పుడే ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. అదే జరిగితే తల్లీ కూతుళ్ళు ఏ వంటింటి మూలో పడుండాల్సిందే.

మాసికమైన మర్నాడే కాంతం మా గుమ్మంలో నిలబడింది. ఊరు ముక్కున వేలేసుకుంది.

"అన్నయ్యా, ఢిల్లీ సంగతులు సెప్తావు గదా. అలగే నాకోసం ఒక బిల్లు పెట్టు."

"ఏమనమ్మా?"

"పెనిమిటి పోతే పెళ్ళాం కొట్లో కూకోవచ్చని. అంతే."

"సంఘం ఒప్పుకోదు."

"ఒప్పుకోదని నువ్వే సెప్పీస్తే మరి ఓట్లెందుకు?"

నాకు ఒళ్ళు మండింది. మండినా ఏం లాభం, మాట నిజం. బిల్లు పెట్టాను. బిల్లు తేలేదాకా ఉన్నదాన్ని కదపకూడదని నా రూల్సులోనే ఉంది. అది పట్టుకుని ఆవిడ మర్నాడు వెనక గదిలోంచి ముందుకొచ్చి భర్త పీట మీద కూర్చుంది. వచ్చేవాళ్ళు వచ్చారు, తల తిప్పుకుపోయేవాళ్ళు పోయారు. ఆవిడ మాత్రం లేవలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. సంఘానికి అధ్యక్షుడు జగన్నాధం గారు. కాంతానికి మామగారు, చినబాబుకి కన్నతండ్రి. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు. చినబాబు ఎన్నిసార్లు కదిపినా, "కుర్సీలో కూకున్నోడికి ఇటూ అటూ ఉండదురా" అనేసి ఊరుకునేవారట. కాంతం అసలు అడగనే లేదు. నెలల తరబడి ఆ ఇంట్లో ఆ బిల్లు ఊసు లేకుండానే తిన్నారు, పడుకున్నారు. ఎలా ఉండగలిగారో నాకైతే ఇప్పటికీ తెలీదు.

చినబాబు పక్షంవాళ్ళు తెలివైనవాళ్ళు. కాదు అనలేదు. "పెద్ద ఇసయం, కమిటీకి పంపుదాం" అన్నారు. ఢిల్లీలో ఆడవాళ్ళకి ఆస్తి హక్కిచ్చే హిందూ కోడ్ బిల్లుకీ అదే యోగం పట్టింది కదా, పంపాం. కమిటీలో ఏడుగురు. నలుగురైనా వస్తేనే కూడినట్టు లెక్క, దాన్నే కోరం అంటారు. ఇక చూడండి వేషాలు. నేను కబురంపిన ప్రతిసారీ ఒకరికి జ్వరం, ఒకరికి వియ్యపురాలి రాక, ఇంకొకరికి కాలు బెణుకు. ఉగాదికి మా సంఘం గడువు తీరుతుంది. అప్పటికి తేలని బిల్లులు సంఘంతోనే పోతాయి. ఆ రూలూ నేను రాసిందే, ఢిల్లీని చూసి. మాఘం వెళ్ళిపోయింది. ఖాళీ గదిలో నేనూ, నా చాపా మిగిలాం.

ఒక లక్ష్మివారం పొద్దున్నే కాంతం వచ్చింది.

"ఈరోజూ కోరం నేదా?"

"లేదమ్మా. నావల్ల కాదు. నన్నొదిలెయ్."

"ఆళ్ళంతా ఎక్కడున్నారు?"

"ఎక్కడుంటారు, సంతలో."

"ఎంతమంది?"

"అయిదుగురు."

"కమిటీ ఈ గదిలోనే కూడాలని రాసేవేటి?"

రాయలేదు. ఎన్ని రాశానో, అది మాత్రం రాయలేదు.

"అయితే లెగు. బండి కట్టించీసేను."

సంతలో మా వర్తకులది ఒకటే వరస. తాతల నాటి నుంచి ఎవరి చోటు వారిది, పక్కపక్కనే. నా గదికి రాకుండా తప్పించుకుపోయినవాళ్ళంతా పోయి పోయి ఒకచోటే గోనె పరుచుకుని కూర్చున్నారు. నేను వాళ్ళ ముందు నిలబడ్డాను. గొంతు పెంచాను. "కోరం ఉంది. కమిటీ మొదలైంది."

ఉప్పు లక్ష్మణరావు నోరు తెరిచాడు. "సంతలో కమిటీ ఏటయ్యా? నీకు మతి పోనాదేటి?"

"ఎక్కడ కూడాలో రూల్సులో లేదు. ఇష్టం లేకపోతే లేచి వెళ్ళిపోండి."

ఎలా వెళ్తారు? సరుకు పరిచి ఉంది, బేరాలు నిలబడి ఉన్నాయి. కాంతం బండి దగ్గరే నిలబడి చూస్తోంది. నేను బిల్లు చదివాను. లక్ష్మణరావు కాసేపు గొణిగి సవరణ చెప్పాడు. కొడుకున్న విధవకి మాత్రమే కొట్టు హక్కు ఉండాలట. ఉప్పు కొనడానికొచ్చిన దాలమ్మ అనే రైతుమనిషి అంతా వింటోంది.

"కూతురున్నదానికి ఆకలెయ్యదేటి బాబూ?" అంది.

"నువ్వు సభ్యురాలివి కావు, మాట్లాడకూడదు" అన్నాను. రూలు రూలే కదా.

"మాటాడన్లే. ఉప్పు ఇంకోకాడ కొనుక్కుంటాను" అని సంచి మడుచుకుంది. ఆవిడ వెనకున్న ఆడాళ్ళూ మడిచారు. లక్ష్మణరావు ఆ సవరణ వెనక్కి తీసుకున్నంత వేగంగా సరుకు కూడా ఎప్పుడూ తియ్యలేదు. పొద్దెక్కేలోగా కమిటీ బిల్లుని సభకి తిప్పి పంపింది.

ఉగాదికి ముందు సంఘం కూడింది. ఆడవాళ్ళు లోపలికి రాకూడదు కాబట్టి కాంతం అరుగు మీద నిలబడింది. చినబాబు తరఫువాళ్ళు కులం, పరువు, పెద్దల నాటి మాట అన్నీ ఏకరువు పెట్టారు. నేను ఓట్లు అడిగాను. సరిగ్గా సగం చేతులు ఇటు, సగం అటు. ఇలా సమానమైతేనే అధ్యక్షుడు వెయ్యాలి, ఇక మిగిలింది ఆ కుర్చీ ఓటు.

జగన్నాధం గారు నావైపు తిరిగారు. "ఇలాటప్పుడు పద్ధతేటి?"

సభ సమంగా చీలితే, ఉన్నది ఉన్నట్టుండేలా అధ్యక్షుడు ఓటెయ్యడం మర్యాద అని చెప్పాను. చెబుతూంటే నా నాలుక కోసుకోవాలనిపించింది. పాత కట్టుబాటే నిలుస్తుందని చినబాబు ముఖం వెలిగింది.

ముసలాయన చేతికర్ర పక్కన పెట్టారు. తర్వాత మెల్లిగా అన్నారు. "ఉన్నది ఉన్నట్టుండాల. మంచిదే. ఆడి మాసికం నుంచీ ఆ కొట్టు తీస్తన్నదెవరు?"

కొందరి చూపు అరుగు మీదికి పోయింది.

"నాను దినామూ ఆ దారినే వస్తన్నాను. కాంతం తీస్తన్నాది, కాంతం కడతన్నాది. ఉన్నది అదే. అదలాగే ఉంటాది. నా ఓటు బిల్లుకే."

చినబాబు లేచాడు. "నాన్నా, నాను నీ కొడుకుని కానేటి?"

"కొడుకువే. ఆ కొట్టు పెట్టినోడు గూడా నా కొడుకేరా." అన్ని నెలలూ తొణకని ఆ గొంతు అక్కడ వణికింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

నేను అరుగు మీదికొచ్చి చెప్పాను. మొగుడు పోయిన రోజున కూడా నలుగురిలో ఏడవని మనిషి గోడకి చేరబడి భోరుమంది. నేను పక్కకి తిరిగి నిలబడ్డాను. కాసేపటికి చెంగుతో ముఖం తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి, చినబాబు ఇంకా లోపలే ఉన్నాడా అని అడిగింది. ఉన్నాడన్నాను.

"అయితే ఆడితో సెప్పన్నయ్యా. పొద్దున్నే కొట్టుకి రమ్మను. బస్తాలు దించడానికి ఇంటి మగాడు ఉండాల."