ముచ్చికల షెడ్డులో పాట

గుంటూరు శివార్లలో ఒక మిర్చి షెడ్డు. రేకుల చిల్లుల్లోంచి పడే ఎండలో ఎర్రటి దుమ్ము పైకి పోకుండా, కిందికి దిగకుండా తేలుతుండేది. దాని కింద వరసగా కూర్చుని ఎండుమిరపకాయల ముచ్చికలు తుంచేవాళ్ళం. దగ్గుకీ దగ్గుకీ మధ్య పాట. పాట ఎత్తుకునేది మా పిన్ని. ఆమె గొంతు లేస్తే ఏదో కాలవ గట్టున చల్లగా కూర్చున్నట్టుండేది.

తర్వాత నేను ఆ పని మాని కూలీల సంఘంలో తిరుగుతున్నప్పుడు, ఒక కాలేజీ మేడం మా ఆఫీసుకొచ్చారు. షెడ్లలో ఆడవాళ్ళ ఊపిరి మీద పరిశోధన చేద్దామన్నారు. ఇంతకుముందు వచ్చినవాళ్ళు ప్రశ్నలడిగి వెళ్ళిపోయారనీ, ఏం తేలిందో మాకెవరూ చెప్పలేదనీ అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. ఏం అడగాలో, తేలినదాన్ని ఏం చెయ్యాలో మాతో కూర్చునే అనుకుందామన్నారు.

అలా కూర్చున్న ఒక సాయంత్రం పాటల మాట వచ్చింది. ఊపిరి కొలిచే గొట్టం ఊదమంటే ఆడవాళ్ళు నవ్వేసి సిగ్గుపడుతున్నారు, పాడమంటే పాడతారు కదా అన్నాను. మేడం గొట్టమూ ఊదిద్దాం, కొత్తకాయ వచ్చినప్పుడొకసారి, సీజన్ ఆఖర్నొకసారి ఒకే పాట రికార్డూ చేద్దామన్నారు.

వేసవి చివర పిన్నినీ మరికొందరినీ పిలిచి, సంఘం గదిలో రెండు రికార్డులూ విన్నాం. మొదటిదాంట్లో పిన్ని చరణం చివరిదాకా ఒకే ఊపున సాగింది. రెండోదాంట్లో మధ్యలోనే తెగింది. మళ్ళీ అందుకుంది, మళ్ళీ తెగింది. కిటికీలోంచి ఎవరి డాబా మీదో ఆరబోసిన కాయలు కనిపిస్తున్నాయి. ఆ ఎరుపూ ఆ గొంతూ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి, నేను కూర్చునే కలగంటున్నానేమో అనిపించింది.

"నా గొంతు ఇట్టా అయిందని ఎవరూ చెప్పలేదేందే?" అంది పిన్ని నాతో.

రికార్డులో ఉన్నది ఆమె గొంతనీ, ఆమె వద్దంటే ఎవరికీ వినిపించబోమనీ మేడం చెప్పారు. సంఘంలో కొందరికి నచ్చలేదు. షెడ్ల యజమానులతో మీటింగు దగ్గరపడింది, ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏముందన్నారు. నాకూ లోపల అదే ఉంది. అయినా పిన్నిని అడగలేదు.

మీటింగు ముందురోజు ఆమే వచ్చింది.

"వినిపించండి. నేనూ వచ్చి ముందు కూర్చుంటా. నా మొహం చూస్తా వినాలి వాళ్ళు."

అలాగే ఇస్త్రీ చీర కట్టుకొచ్చి కూర్చుంది. పాట ఆగాక ఒక యజమాని దుమ్ము బయటికి లాగే ఫ్యాన్లు పెట్టిస్తానన్నాడు, పెట్టించాడు. మిగతావాళ్ళు చూద్దామన్నారు. వాళ్ళ చుట్టూ ఇంకా తిరుగుతున్నాం.

డాక్టరు మాన్పించాక పిన్ని షెడ్డుకు పోవడం లేదు. పొద్దున్నే బస్టాండు దగ్గర మల్లెలు కడుతుంది. మేడం కాలేజీకి పోతూ అక్కడ బస్సు దిగి, ఆమె పక్కన కాసేపు కూర్చుంటారట. ఏం మాట్లాడుకుంటారో నేనెప్పుడూ అడగలేదు.