కాంతమ్మ జాకెట్టు కోసం కొన్న మిషను

ఆ నెలంతా ఝాన్సీలక్ష్మి ఒకచోట కుదురుగా కూర్చోలేదు. శ్రీకాకుళంలో వాళ్లది పప్పుదినుసుల కొట్టు. మినప్పప్పు అడిగినవాళ్లకు పెసరపప్పు పొట్లం కట్టి ఇచ్చేది. ఎవరైనా గదమాయిస్తే ఉలిక్కిపడి ఫోను పక్కన పెట్టేది. ఫోను నిండా కుట్టుమిషన్లే. ఒకటి చూస్తే పది ఎదురొచ్చేవి. పదీ చూశాక మొదటిదే మంచిదేమో అనిపించేది.

ముప్పై ఐదేళ్లు దాటినా ఊడిన గుండీ కుట్టుకోవడం తప్ప ఆమెకు సూదితో పనిపడలేదు. ఈ ఆరాటమంతా అత్తగారు కాంతమ్మ వల్ల మొదలైంది. వానాకాలంలో పెరట్లో జారిపడి ఆవిడ కుడి భుజం విరిగింది. ఎముకైతే అతికింది గానీ చెయ్యి పైకి లేవదు, వెనక్కి తిరగదు. జాకెట్టు తొడుక్కోలేక నైటీకి అలవాటుపడింది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి, నైటీతో నలుగురి ముందుకూ రానని వెనకగదిలోనే ఉండిపోయింది. భుజం మీద తెరుచుకునేలా జాకెట్టు కుట్టమని ఝాన్సీ ఇద్దరు టైలర్లను అడిగింది. ఒకాయన నవ్వేశాడు. రెండో ఆయన పెళ్లిళ్ల రద్దీలో ఉన్నానని పంపేశాడు.

"అయితే నేనే కుడతాను" అంది ఇంటికొచ్చి.

భర్త జయకృష్ణ ఆమె మేనత్త కొడుకే. చిన్నప్పటి చనువు ఇంకా పోలేదు. "కేకులన్నావు, కంప్యూటరన్నావు. ఇప్పుడు మిషనా? వారం తొక్కుతావు. ఆ తర్వాత దాని మీద బట్టలారేసుకుంటాం."

"నవ్వితే నవ్వు బావా. కొనడం మాత్రం మానను."

అన్నదే గానీ, ఏది కొనాలో తెలిస్తేగా! ముందు చవగ్గా, ముచ్చటగా ఉందని బొమ్మలాంటి ప్లాస్టిక్ మిషను తెప్పించింది. పాత చీర ముక్క మీద అది బాగానే పరిగెత్తింది. కాంతమ్మ జాకెట్టు చంక దగ్గర, మడతలన్నీ కలిసిన చోట పెట్టేసరికి గుర్రుమని ఆగిపోయింది. తీసి చూస్తే కింద దారమంతా ఉండ చుట్టుకుని ఉంది. మర్నాడే వెనక్కి పంపేసింది.

తర్వాత బజారులో పెద్ద దుకాణానికి వెళ్లింది. అక్కడి సేల్స్‌మన్ మీటలు నొక్కుతూ ఆకు, పువ్వు, తీగ వరసగా కుట్టి చూపించాడు. ఝాన్సీ మనసు లాగేసింది. వాయిదాల కాగితం ముందుకు జరిపితే పెన్ను కూడా పట్టుకుంది. అంతలో సంచిలో ఉన్న పాత జాకెట్టు గుర్తొచ్చి, "దీని మీద నన్నోసారి కుట్టనివ్వండి" అంది. కాలు ఇలా ఆనించిందో లేదో మిషను పరుగందుకుంది. ఆపేలోపల జాకెట్టు మెడ మూసుకుపోయింది.

"అలవాటైపోద్దమ్మా" అన్నాడతను.

ఝాన్సీ మూసుకుపోయిన మెడవైపు చూసింది. తనకు కావలసింది పువ్వులు కుట్టే మిషను కాదు, ఆగమన్నచోట ఆగే మిషను. పెన్ను బల్ల మీద పెట్టేసి వచ్చేసింది.

ఎచ్చెర్లలో హాస్టలు పిల్లలకు బట్టలు కుట్టే శ్రావణి వీళ్ల కొట్టుకే సరుకులకు వస్తుంది. మోటారు మిషను కొనుక్కుని, పాత తొక్కుడు మిషను అమ్మేద్దామనుకుంటున్నానని సరుకులు కట్టించుకుంటూ చెప్పింది. ఆ మధ్యాహ్నమే ఝాన్సీ ఆటో ఎక్కింది.

శ్రావణి ఇంట్లో మిషను ముందు కూర్చుని తొక్కగానే చక్రం వెనక్కి తిరిగి దారం తెగింది. మళ్లీ ఎక్కించుకుంది, మళ్లీ తెగింది. మొహం ఎర్రబడింది.

"దారం తీసేయ్ అక్కా. కాయితం పెట్టి ఉత్తినే తొక్కు" అంది శ్రావణి. "పాదాలు రెండూ ఆన్చు. సేత్తో సక్రం నీ వైపుకి తిప్పి మొదలెట్టు."

కాసేపటికి కాగితం మీద వంకర్లు తగ్గాయి. జాకెట్టు తీసి చంక దగ్గర పెట్టింది. అక్కడ తొక్కడం మానేసి, చక్రాన్ని చేత్తోనే మెల్లిగా తిప్పింది. సూది ఒక్కో కుట్టే వేసుకుంటూ మడతలు దాటేసింది.

"లోపాలేటున్నాయో సెప్పు" అంది ఝాన్సీ, ఊపిరి తీసుకుని.

"బెల్టు అరిగిపోనాది, మార్సుకోవాల. సెక్క ఓ పక్క పెచ్చులూడింది. బాబిన్లు, సూదులు మామూలియే, ఏ కొట్లోనైనా దొరుకుతాయి. సెయ్యి తిరిగాక దీనికే మోటారు పెట్టించుకోవచ్చు."

ధర కూడా అందేదే. అయినా ఝాన్సీ ఆలోచించి చెప్తానని లేచింది. పాతదాన్ని కొని మోసపోతానేమో! బావ నవ్వుతాడేమో! అన్నం సయించలేదు. మర్నాడు ఫోను చేస్తే, "ఎవరో సూడ్డానికి వస్తన్నారక్కా" అంది శ్రావణి. అంతే! కొట్టు జయకృష్ణకు వదిలేసి పరుగు తీసింది. సాయంత్రానికి మిషను ఇంటి గుమ్మం ముందు దిగింది.

"ఈ ఇనప సామానేటే?" అంది కాంతమ్మ.

"నీ జాకెట్టు కోసమే అత్తా."

"నేనడిగేనా? నా సెయ్యి పోయిందని ఊరంతా సాటుతావేటి?" విసురుగా లోపలికి వెళ్లిపోయింది.

పాత జాకెట్టు కొలత పెట్టి కత్తిరించి కుట్టిన మొదటి జాకెట్టుకు రెండు చేతులూ ఎడమవైపువే వచ్చాయి. ఝాన్సీ దాన్ని నేలకు కొట్టి, కాసేపు ఏడ్చి, మళ్లీ తీసి కుట్లు విప్పడం మొదలుపెట్టింది. గుమ్మంలోంచి చూస్తున్న కాంతమ్మ వచ్చి పక్కన కూలబడింది. ఎడమచేత్తో గుడ్డ కొస పట్టుకుని బిగువుగా లాగింది.

"ఇప్పుడు విప్పు. వదులుగా ఉంటే సిరుగుతాది."

రెండోసారి చేతులు సరిగ్గా కుదిరాయి. మెడ నుంచి కుడిచేతి అంచుదాకా తెరిచి, టిచ్‌బటన్లు పెట్టింది. కాంతమ్మ చెయ్యి ఎత్తకుండానే జాకెట్టు వేసుకుని, పైట భుజం మీదుగా కప్పుకుని కొట్టులోకి నడిచింది. గల్లాపెట్టె దగ్గరున్న జయకృష్ణ గభాలున లేచాడు. ఆవిడ కూర్చుని, త్రాసు ఎవరు ఇలా పెట్టారని అరిచింది.

లోపల ఝాన్సీకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు కాంతమ్మ మెడ దగ్గర వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ జారతంది. పచ్చరంగు చీరకి ఇంకోటి కుట్టు, మెడ తగ్గించు."

ఝాన్సీ అన్నం కూడా పూర్తిగా తినకుండా టేపు కోసం లేచింది.