కదిలేది తియ్యరాని ఫోటోగ్రాఫర్

గోదావరిఖనిలో మా ఆయన రఘుపతికి ఒకటే గొప్ప. కబడ్డీ ఆటగాడు ఎన్ని మెలికలు తిరిగినా ఆయన ఫోటోలో కళ్లు స్పష్టంగా పడాల్సిందే. కూర్చున్న మనిషికి కెమెరాలో 'వన్ షాట్' పెట్టేవాడు. బటన్ సగం నొక్కితే ఫోకస్ అక్కడే ఆగిపోతుంది. పరుగెత్తేవాడికి 'సర్వో'. మనిషి ఎటు కదిలితే ఫోకస్ అటే వెంటపడుతుంది. ఈ పాఠం నాకు అన్నం తింటూ కూడా చెప్పేవాడు, వద్దన్నా వినడు.

రెండువేల తొమ్మిది ఎండాకాలంలో మా స్టూడియో గది యజమాని రాజం వచ్చి కూర్చున్నాడు. మా వాడలోని గట్టయ్య కాకకూ అతనికీ ఇంటి జాగ తగాదా. గనిలో పైకప్పు బొగ్గు మీదపడి కాక నడుము దెబ్బతింది. వారంలో గని మెడికల్ బోర్డు పరీక్ష. అన్‌ఫిట్ అంటే కొడుక్కు ఉద్యోగం వస్తుంది. ఫిట్ అంటే ఆ నడుముతోనే కాక మళ్లీ గని దిగాలి.

"వాడు ఉరికేటప్పుడు ఒక్క ఫోటో తియ్యి రఘుపతీ. బోర్డుకు పంపుత. లేకుంటే గది ఖాళీ చెయ్యి," అన్నాడు రాజం.

"నడుము ఇరిగినోడు ఎట్ల ఉరుకుతడన్నా?" అన్నాను.

"నువ్వు ఊకో శోభా. అంత నాటకం."

మా ఆయన పెద్ద లెన్సు తగిలించాడు. ఆ క్షణం ఆయనంటే నాకు అసహ్యం వేసింది.

ఇద్దరూ స్టూడియో గుమ్మంలో కాపు కాశారు. రెండు రోజులు కాక చేతికర్రతో, మనవరాలి చెయ్యి పట్టుకుని చౌరస్తా అవతలి టీ హోటల్ దాకా మెల్లగా వచ్చి వెళ్లాడు. మూడో రోజు పొద్దున పిల్ల చెయ్యి విడిపించుకుని మా స్టూడియో వైపు రోడ్డు మీదికి ఉరికింది. షేర్ ఆటో మీదికొస్తోంది. కాక కర్ర పారేసి పరుగెత్తాడు.

"తియ్యి, తియ్యి!" రాజం అరిచాడు.

కెమెరా టకటకా కొట్టుకుంది, నా గుండె కూడా. పిల్ల దక్కింది. కాక మాత్రం నడిరోడ్డు మీదే కూలబడితే నలుగురు ఎత్తుకుపోయారు. ఆ ఫోటో తియ్యమని రాజం అడగలేదు.

కెమెరా లాక్కుని చూశాడు. పది ఫోటోలు. వెనకున్న హోటల్ బోర్డు మీద అక్షరాలు చదువుకోవచ్చు. ముందు పరుగెత్తే మనిషిని కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు.

"ఏందయ్యా గిది?"

"ఉరికేటోళ్లను తీసుడు నాకు రాదన్నా," అన్నాడు మా ఆయన తల వంచుకుని.

అప్పుడు అర్థమైంది నాకు. ఆయన పెట్టింది వన్ షాట్. కాక హోటల్ ముందు ఉన్నప్పుడే బటన్ సగం నొక్కి పట్టుకున్నాడు. మూడు రోజులూ అదే పని.

గది నిలిచింది, పరువు పోయింది. రాజం ఆ మాట ఖని అంతా చాటాడు. ఆ ఏడు కబడ్డీ పోటీలకు మంచిర్యాల నుంచి వేరే ఫోటోగ్రాఫర్‌ను పిలిచారు. ఆ రోజు మా ఆయన అన్నం ముట్టలేదు.

బోర్డు కాకను అన్‌ఫిట్ చేసింది. కొడుకు డ్యూటీలో చేరాక కాక మనవరాలికి ఫోటో తీయించడానికి వచ్చాడు. పిల్ల ఒకచోట కూర్చుంటేగా!

"నీకు కదిలేది తియ్యరాదంట గద రఘుపతీ. ఫికర్ చెయ్యకు, నేను గట్టిగ పట్టుకుంట," అన్నాడు కాక నవ్వుతూ.

నిజం నా నోటిదాకా వచ్చింది. మా ఆయన చూసిన చూపుకు మింగేశాను.

"పట్టుకో కాకా," అన్నాడాయన, "జర కదలకుండ."