ఎర్ర షర్బతు

ఆ వీధిలో ఆమెను పెద్దలూ పిల్లలూ అందరూ పెద్దమ్మ అనే పిలిచేవారు. కడుపున ఒక కాయ కాయకపోయినా, తెల్లారేసరికి ఆమె ముందుగది పిల్లలతో కిటకిటలాడేది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి వెళ్ళే తల్లులు చంకలోని బిడ్డను దించి, వెనక్కి తిరగకుండా పరుగెత్తేవారు. తిరిగితే పిల్లలు ఏడుపు లంకించుకుంటారు కదా! పెద్దమ్మ మాత్రం గొంతు పెంచేది కాదు, చెయ్యెత్తేది కాదు. "కొట్టి దారికి తేవడానికి నేనెందుకమ్మా, బెత్తం చాలు" అనేది.

భర్త వెనకగదిలో షర్బతు కాచి, సీసాలకెత్తి, బడుల దగ్గరి కొట్లకు వేసేవాడు. పంచదార పాకం, కాస్త వాసన, చిటికెడు రంగుపొడి, అంతే సరుకు. గిన్నె అడుగున మిగిలింది పిల్లల పాలయ్యేది. మధ్యాహ్నం నిద్ర లేవగానే తలా ఒక గ్లాసు.

ఆ వేసవిలో ఆయన కొత్త పొడి తెచ్చాడు. "చూశావటే, వేలికి అంటినంత వేస్తే గిన్నె గిన్నెంతా ఎర్రబడింది!" అని మురిసిపోయాడు. గచ్చు మీద ఒలికిన చోట పెద్దమ్మ ఎంత తోమినా మరక వదల్లేదు.

పిల్లల్లో నాలుగేళ్ళ పిల్ల ఒకతె ఉండేది. ఒళ్ళో ముడుచుకుని కూర్చుంటుందని పెద్దమ్మ దానికి గువ్వ అని పేరు పెట్టుకుంది. ఆ గువ్వే మారిపోసాగింది. సాయంత్రమయ్యేసరికి కాలు ఒకచోట నిలిచేది కాదు. ఈ గోడ నుంచి ఆ గోడకు ఒకటే పరుగు. నుదురు గుద్దుకుని బొప్పి కట్టినా ఏడవకపోగా నవ్వేది. ఆ నవ్వు ఆ పిల్లది కాదనిపించేది పెద్దమ్మకు.

ఒకనాడు గువ్వ పక్కపిల్ల చెయ్యి నెత్తురొచ్చేలా కొరికింది. సాయంత్రం గువ్వ తల్లి వచ్చి, సంగతి విని, వీధిలోనే దాని వీపు చిట్లగొట్టింది. "ఎవరి పోలిక వచ్చిందే నీకు? నా పరువు తీయడానికే పుట్టావా?"

పెద్దమ్మ అడ్డం వెళ్ళి విడిపించింది కానీ, మర్నాటి నుంచి కత్తెర అటకెక్కించి, తలుపు గడియ పెట్టడం మొదలుపెట్టింది. ఆమె కూడా పిల్లనే తప్పు పట్టింది. షర్బతు మీదికి ధ్యాస పోనేలేదు. ఎలా పోతుంది? అందరూ తాగిందే. తాగి మళ్ళీ గుర్రుపెట్టి నిద్రపోయేవాడూ ఉన్నాడు వాళ్ళలో.

గడియ మరిచిన రోజు ఒకటి రానే వచ్చింది. పిల్లలకు గ్లాసులిచ్చి, కడిగిన గిన్నెలు బోర్లించి వచ్చేసరికి గువ్వ లేదు. మేడమెట్ల మీద చిన్న చెప్పు ఒకటి పడి ఉంది. పెద్దమ్మ ఊపిరి బిగబట్టి పైకెక్కింది. పిట్టగోడ మీద, రెండు చేతులూ చాచి, గువ్వ నడుస్తోంది. కింద రాళ్ళు పరిచిన వీధి. పిలిస్తే ఉలిక్కిపడుతుందేమోనని పెద్దమ్మ నోరు మెదపలేదు. పిల్లిలా వెనక నుంచి వెళ్ళి నడుం పట్టి లాగేసింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు.

"ఎందుకెక్కావే తల్లీ?"

"నేనెక్కలేదు పెద్దమ్మా, కాళ్ళే ఎక్కాయి."

గువ్వ అబద్ధమాడటం లేదని పెద్దమ్మకు తెలిసిపోయింది.

తల్లినీ పిల్లనీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టరమ్మ తిండి గురించి అడిగి అడిగి, రోజూ తాగే ఎర్ర షర్బతు సంగతి రాబట్టి, చివరికి నెమ్మదిగా చెప్పింది. "రంగులు అందరికీ పడవని కాదు. కొందరు పిల్లలకు మాత్రం నిలకడ తప్పుతుంది. ఈ పిల్లకు అదేనని నేను ఒట్టేసి చెప్పలేను. కొన్నాళ్ళు మానిపించి చూడండి." గువ్వ తల్లి తలూపింది. పెద్దమ్మ తలెత్తలేకపోయింది.

ఆ రోజు నుంచి ముందుగదిలో మంచినీళ్ళే. పిల్లలు గోల చేసి, కొన్నాళ్ళకు మరిచిపోయారు. గువ్వ అల్లరి పూర్తిగా పోలేదు కానీ, ఆ నవ్వు పోయింది. మళ్ళీ ఒళ్ళోకి వచ్చి ముడుచుకోసాగింది.

"ఇక ఆ పొడి వాడకండి" అంది పెద్దమ్మ భర్తతో.

"ఊళ్ళో పిల్లలందరూ తాగుతున్నారు. ఎవరికేమైంది?"

"మనకెవరు వచ్చి చెబుతారు? చావు తప్పించుకొచ్చిన పిల్లను నేను చూశాను."

ఆమె పోరు పడలేక ఒక విడత రంగు లేకుండా కాచాడు. సీసాలన్నీ వెనక్కి వచ్చాయి. కుళాయినీళ్ళు పోసి తెచ్చావా అని కొట్టువాళ్ళు నవ్వారట. ఆయన ఇంటికొచ్చి, మళ్ళీ పొడి డబ్బా మూత తీశాడు. ఆ తర్వాత గిరాకీ ఇంకా పెరిగింది. కొత్తగా పెద్దబడి క్యాంటీన్‌కూ వేస్తున్నాడని పెద్దమ్మకు పక్కింటివాళ్ళ ద్వారా తెలిసింది. కంచే చేను మేస్తోందని ఆమెకు అర్థమైంది. కానీ కట్టుకున్నవాడి మీద నలుగురిలో నోరెలా విప్పడం?

వానలు మొదలయ్యాక, ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే ఆమె తన పసిబిడ్డను దించడానికి వచ్చి, వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"మా పెద్దాణ్ణి ఇంక బడికి పంపొద్దన్నారు పెద్దమ్మా. బెంచీలు ఎక్కి దూకుతున్నాడట. నిన్న పంతులమ్మ మీదకి రాయి విసిరాడు. ఇదివరకు ఇలా ఉండేవాడు కాదు. దయ్యం పట్టినట్టుంది."

వెనకగదిలో భర్త గరిటె తిప్పుతున్నాడు. పాకం వాసన ముందుగదిదాకా వస్తోంది.

"ఏ బడమ్మా?" అంది పెద్దమ్మ. ఏ బడో ఆమెకు తెలుసు.

"పెద్దబడి."

పెద్దమ్మ పసిబిడ్డను చేతుల్లోకి తీసుకుంది. ఇంటిగుట్టు బయటపెడితే ఈ ఇల్లు ఇల్లుగా ఉండదని తెలుసు. అయినా వెనకగదికి వినిపించేలా, జీవితంలో మొదటిసారి గొంతు పెంచి అంది.

"దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. మీవాడు అక్కడ ఎర్ర షర్బతు తాగుతున్నాడేమో అడుగు. అది కాచేది మా ఇంట్లోనే."

గరిటె చప్పుడు ఆగిపోయింది. అడుగుల చప్పుడు ముందుగది వైపు వస్తోంది. పెద్దమ్మ బిడ్డను తల్లికి తిరిగిచ్చి, "నువ్వు వెళ్ళమ్మా, ముందు అందరికీ చెప్పు" అంటూ తలుపు దగ్గరగా వేసి, వెనకగది వైపు తిరిగి నిలబడింది.