గడ్డిబండికి దారి

బందరు ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ జిలానీ గారు దేన్నీ నేరుగా అందుకోరు. టీ కొట్లో బిస్కట్ల సీసా చేతికందేంత దగ్గరున్నా, బల్ల మీద వేలితో తట్టి, అడిగి, చేతులు కట్టుకుని ఆగుతారు. క్లాసులోనూ అంతే. "ప్రోగ్రాము మెషీన్ని ముట్టుకోదు. కంప్యూటర్లో అందరికీ పంచిపెట్టే పెద్ద ప్రోగ్రాము కెర్నెల్‌. దాన్ని అడుగుతుంది, ఇచ్చేదాకా ఆగుతుంది. అదే సిస్టమ్ కాల్," అంటారు ముందు బెంచీకి మాత్రమే వినబడేట్టు. చిన్న పని చేతిలో చిక్కిన వస్తువు కోసం అత్యవసరమైన పని ఆగిపోతే, కెర్నెల్ ఆ చిన్న పనికే పెద్ద హోదా ఇస్తుందనీ, అది వస్తువును వదలగానే హోదా తీసేస్తుందనీ చెప్పేటప్పుడు ఆయన కళ్లు మెరుస్తాయి.

ఓ సాయంత్రం దివిసీమ రేవుకు పురిటినొప్పుల మనిషితో ఆటో వచ్చింది. ఒడ్డుకు చేరిన బల్లకట్టు మీద గడ్డిబండి ఉంది. అది దిగే దారినిండా ముందు ఎక్కాలని తోసుకుంటున్న మోటారుసైకిళ్లు. అదే బల్లకట్టు కోసం రేవులో ఆగి ఉన్న జిలానీ గారు ఆటో రేకు మీద ఫెళ్లున చరిచారు. "ముందు బండికి దారివ్వండి."

"లోపల ఆవిడ అల్లాడిపోతుంటే గడ్డికి దారేంటండీ?" అన్నాడు ఆటో అతను.

"బల్లకట్టు దాని కింద ఉందయ్యా. అది దిగితేనే నువ్వెక్కేది."

జనం చీలారు. రోజూ హారన్లకు జడిసి రోడ్డు వారగా పోయే బండి ముసలాయన, రేవంతా తప్పుకున్న దారిలో ఒడ్డెక్కాడు. ఆటో బల్లకట్టెక్కింది. ఆ వెంటనే ఎవరో హారన్ కొడితే ముసలాయన మళ్లీ మార్జిన్లోకి దిగిపోయాడు. ఏళ్లుగా క్లాసులో బోర్డు మీద బాణాలుగా గీస్తున్న పాఠం ఎద్దుల మెడగంటలతో నడిచి వెళ్తుంటే, తను ఎక్కాల్సిన బల్లకట్టు కదిలిపోయినా తెలియక, జిలానీ గారు చేతులు కట్టుకుని నిలబడిపోయారు.